హార్మోన్ల కోసం నూనె, నూనె కోసం గ్యాస్ మాత్ర: ఒక కేసు

ఈ కేసులో అరుదైన జబ్బేదీ లేదు. స్త్రీల వైద్యం చేసే ఏ క్లినిక్కుకైనా తరచూ వచ్చే సమస్యే. అయినా రాసి పెడుతున్నానంటే, మామూలుగా ఎవరూ మందుల్లో జమకట్టని రెండు వస్తువులు ఇందులో ఒకదాని వెనుక ఒకటి వచ్చి, ఆమెను మెదడు స్కానింగ్ గడప దాకా తీసుకెళ్లాయి. ఎవరో గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. రాయడానికి ఆమె ఒప్పుకున్నారు.

నేపథ్యం

వయసు 34. ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి ఏడేళ్లు. రెండో కాన్పుతోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడతారు. పెళ్లిళ్ల రోజుల్లో రాత్రి పదకొండు దాటితే గాని కంచం ముందు కూర్చోరు, తిన్న వెంటనే పడుకుంటారు. రజస్వల అయిన రెండేళ్ల తర్వాత నుంచీ నెలసరి 28, 30 రోజులకు తప్పకుండా వచ్చేది. ఈ ఒక్క మాట తర్వాత చాలా పనికొచ్చింది.

ఆమెను మొదట ఇబ్బంది పెట్టింది నెలసరి కాదు. బహిష్టుకు వారం ముందు రొమ్ముల్లో బరువు, సలపరం, పిల్లల మీద చిరాకు. అది విని తోడికోడలు ఒక సీసా తెచ్చి ఇచ్చారు: ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె క్యాప్సూల్స్, ఒక్కొక్కటి 1000 మి.గ్రా. ఆవిడ ఇలాంటి ఉత్పత్తులు తెలిసిన వాళ్లకు అమ్ముతుంటారు. తర్వాత అవిసె నూనె క్యాప్సూల్స్, పరగడుపున ఒక చెంచా నల్ల జీలకర్ర నూనె కూడా తోడయ్యాయి. మూడూ కలిసి హార్మోన్లను సరిచేస్తాయని మాట.

వచ్చిన సమస్య

నా దగ్గరకు వచ్చేసరికి నెలసరి 50, 60 రోజులకు గాని రావడం లేదు. అంతకు ముందు చూపించుకున్న చోట స్కానింగ్‌లో అండాశయాల్లో చిన్న చిన్న నీటి బుడగలు కనిపించాయని పీసీఓడీ అన్నారు, నెలసరి రప్పించే మాత్రలు ఇచ్చారు. మాత్రలు వేసుకున్న నెల వచ్చేది, లేని నెల లేదు. ఇంకో చోట ప్రొలాక్టిన్ (రొమ్ముల్లో పాలు ఊరేలా చేసే హార్మోను) పరీక్ష చేయిస్తే 86 వచ్చింది. గర్భం లేని స్త్రీలలో చాలా ల్యాబులు 25 లోపు మామూలు అంటాయి. దాన్ని తగ్గించే క్యాబర్గోలిన్ మాత్ర మొదలుపెట్టి, ఆ హార్మోను తయారయ్యే, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి ఎమ్మారై తీయించమన్నారు. ఆ మాత్రకు వికారం, వాంతులు. రెండు వారాలకే మానేశారు. ఎమ్మారైకి డబ్బు కూడబెట్టుకునే లోపు ఎవరో నా దగ్గరకు పంపారు.

ఆమె అడిగింది ఒకటే: “మేడం, నాకు మెదడులో గడ్డ ఉందా?”

పరీక్షిస్తే రెండు రొమ్ముల నుంచీ, నొక్కినప్పుడు, ఒకటికి మించిన రంధ్రాల నుంచి పాలలాంటి చుక్కలు వచ్చాయి. ఎప్పటినుంచి అంటే, చంటివాడు పాలు మానేసినా మిగిలిపోయిన పాలేమో అనుకుని ఎవరికీ చెప్పలేదన్నారు. చంటివాడికి ఏడేళ్లు! గడ్డలు లేవు, రొమ్ముల అల్ట్రాసౌండ్ మామూలుగానే ఉంది. తలనొప్పి లేదు, పక్క చూపు తగ్గలేదు. అవాంఛిత రోమాలు లేవు, మొటిమలు లేవు, బరువు పెరగలేదు.

పీసీఓడీ ఎందుకు కాదనుకున్నాను

చాలామంది వైద్యులు ఇప్పటికీ 2003 నాటి రోటర్‌డామ్ ప్రమాణాలతోనే ఈ నిర్ధారణ చేస్తారు. నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్ల లక్షణాలు, స్కానింగ్‌లో అండాశయాల తీరు, ఈ మూడింటిలో రెండు ఉంటే చాలు. లెక్క ప్రకారం ఆమెకు రెండు ఉన్నాయి. కానీ ఆ ప్రమాణాల్లోనే ఇంకో షరతు ఉంది: థైరాయిడ్ లోపం, ప్రొలాక్టిన్ పెరగడం వంటి ఇతర కారణాలు లేవని ముందు తేల్చుకోవాలి. స్కానింగ్ కాగితం చేతిలో పడగానే ఎక్కువగా మరిచిపోయేది ఈ షరతునే.

అంతకంటే బలమైన ఆధారం ఆమె గతం. పీసీఓడీ సాధారణంగా టీనేజిలోనే తలెత్తుతుంది. ఇరవై ఏళ్లు గడియారంలా నడిచిన నెలసరి 33వ ఏట అకస్మాత్తుగా గతి తప్పితే, ఆ ఏడాదిలో కొత్తగా ఏం వచ్చిందో వెతకాలి. “హార్మోన్ల అసమతుల్యత” అన్న మాట ఆమె ఫైలులో మూడు చోట్ల ఉంది. ఏ హార్మోను, ఎటు వైపు, ఎందుకు అన్నది ఒక్క చోటా లేదు.

ప్రొలాక్టిన్ 86 అంటే ఏమిటి? పిట్యూటరీలో ప్రొలాక్టిన్ తయారు చేసే పెద్ద గడ్డ ఉంటే సాధారణంగా 200 దాటి పోతుంది. 25కూ 100కూ మధ్య ఉన్నప్పుడు చిన్న గడ్డ ఉండవచ్చు, థైరాయిడ్ లోపం ఉండవచ్చు, మూత్రపిండాల జబ్బు ఉండవచ్చు, మందు ప్రభావం ఉండవచ్చు. గర్భం ఉన్నా పెరుగుతుంది. ఆపరేషన్ అయింది కదా అని గర్భ పరీక్ష వదిలేయలేదు. లేదని తేలింది. థైరాయిడ్‌కు చేసే టీఎస్‌హెచ్, మూత్రపిండాలకు చేసే క్రియాటినిన్ పరీక్షలు మామూలు. ఇక మిగిలినవి గడ్డా, మందా.

సంచీ

“మందులేమైనా వాడుతున్నారా?” అంటే లేవన్నారు. ఇదే ప్రశ్నకు ఇదే జవాబు ముందు చూసిన ఇద్దరికీ చెప్పి ఉంటారు. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె దృష్టిలో మందు అంటే డాక్టరు చీటీ రాస్తే కొనేది. అందుకే ప్రశ్న మార్చాను: పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా నోట్లో ఏమేమి వేసుకుంటారు, పరగడుపున ఏమిటి, అన్నం తిన్నాక ఏమిటి? నూనెలు బయటికి వచ్చాయి. ఆఖరున, “కడుపులో మంటకు పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకుంటాను, అది అందరూ వేసుకునేదే కదా మేడం” అన్నారు.

మర్నాడు గుడ్డ సంచీ తెచ్చి బల్ల మీద బోర్లించారు. మూడు నూనె సీసాలు, వాటి మధ్య వెండి రేకు ముక్కలు. షీటు మొత్తం పర్సులో పట్టదని బట్టలు కత్తిరించే కత్తెరతోనే ఒక్కో క్యాప్సూల్‌ను విడదీశారు. దాంతో ఏ ముక్క మీదా పేరు పూర్తిగా లేదు. ఒక దాని మీద కంపెనీ పేరులో సగం, ఇంకో దాని మీద గడువు తేదీ. నాలుగు ముక్కల్ని అంచులు కలిపి పేరిస్తే, పేరు చివర మూడు అక్షరాలు కనిపించాయి: డీఎస్ఆర్.

అంటే ప్యాంటాప్రజోల్ 40 మి.గ్రా., దానితోపాటు మెల్లగా విడుదలయ్యే డోంపెరిడోన్ 30 మి.గ్రా.

మొదటిది కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. రెండోది వాంతులు ఆపడానికి, కడుపు త్వరగా ఖాళీ కావడానికి ఇచ్చేది. అది పనిచేసేది డోపమైన్ అనే సంకేత రసాయనాన్ని అందుకునే గ్రాహకాలను అడ్డుకోవడం ద్వారా. రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడ వల్ల మెదడులోకి పెద్దగా చొరబడదు గాని, పిట్యూటరీ గ్రంథి ఉన్న చోట ఆ అడ్డుగోడ లేదు. మామూలు రోజుల్లో ప్రొలాక్టిన్‌కు పగ్గం వేసి పట్టుకునేది డోపమైనే. పగ్గం వదిలితే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. పెరిగిన ప్రొలాక్టిన్ అండం విడుదలకు పై నుంచి రావలసిన సంకేతాలను అణిచేస్తుంది. నెలసరి వెనక్కి జరుగుతుంది, రొమ్ముల్లో పాలు వస్తాయి, బరువూ నొప్పీ పెరుగుతాయి. పాలు తక్కువగా ఉన్న బాలింతలకు కొందరు ఈ మందు రాసేది ఈ గుణం వల్లనే.

యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2014లో గుండె లయ మీద ప్రభావం చూసి, పెద్దవాళ్లకు డోంపెరిడోన్‌ను వికారానికీ వాంతులకూ మాత్రమే, రోజుకు 30 మి.గ్రా. మించకుండా, సాధారణంగా వారం దాటకుండా వాడమంది. ఈమె ఏడాదిగా రోజూ వేసుకుంటున్నారు. వెంటనే ఈసీజీ తీయించాను, తేడా లేదు.

తేదీలు పక్కపక్కన రాస్తే కథ తానే విడిపోయింది. మొదట రొమ్ము నొప్పికి నూనె. రెండు నెలలకు పుల్లటి తేన్పులు, నూనె వాసన, గుండెల్లో మంట. రాత్రి ఆలస్యంగా తిని, దాని మీద నూనె క్యాప్సూల్స్ మింగి పడుకుంటే అంతకంటే ఏమవుతుంది? మందుల షాపులో చెబితే ఈ క్యాప్సూల్ ఇచ్చారు. మరో రెండు నెలలకు నెలసరి జరగడం మొదలైంది. తోడికోడలితో అంటే, హార్మోన్లు సర్దుకుంటున్నాయి, మోతాదు పెంచమన్నారు. మోతాదుతోపాటు మంట పెరిగింది, గ్యాస్ మాత్ర ఒక్క పూట కూడా మానలేని స్థితి వచ్చింది. చివరికి క్యాబర్గోలిన్ ఇచ్చినప్పుడు వచ్చిన వికారానికి కూడా షాపువాళ్లు ఇచ్చింది డోంపెరిడోన్ బిళ్లే. ఒక మందు డోపమైన్ పని చేయబోతుంటే ఇంకోటి ఆ తలుపు మూస్తోందన్నమాట.

మరి నూనె తప్పెంత?

ఇక్కడ తొందరపడి నూనెను దోషిగా నిలబెట్టడం తేలిక. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనెలో హార్మోన్ ఏదీ లేదు. సుమారు 70 శాతం లినోలిక్ ఆమ్లం, అంటే మన పొద్దుతిరుగుడు నూనెలో దండిగా ఉండేదే. ప్రత్యేకత అంతా 8 నుంచి 10 శాతం దాకా ఉండే గామా లినోలెనిక్ ఆమ్లానిది. అది శరీరంలో ప్రొస్టాగ్లాండిన్ల (నొప్పి, వాపుల మీద ప్రభావం చూపే రసాయనాల) తయారీకి ముడిసరుకు అవుతుంది కాబట్టి రొమ్ము నొప్పి తగ్గవచ్చని ఊహ. ఈ ఆమ్లంతో తయారైన మందులు బ్రిటన్‌లో రొమ్ము నొప్పికీ ఎగ్జిమాకీ లైసెన్సుతో ఉండేవి. పనిచేస్తున్నట్టు ఆధారాలు చాలవని 2002లో అక్కడ ఆ లైసెన్సులు తీసేశారు. మన దగ్గర రొమ్ము నొప్పికి గైనకాలజిస్టులు ఇప్పటికీ రాస్తూనే ఉంటారు.

అవిసె సంగతి ఇంకా తమాషా. స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్‌ను కాస్త పోలిన లిగ్నాన్లనే పదార్థాలు గింజల్లో ఉన్న మాట నిజం. కానీ గానుగ ఆడితే అవి చాలా వరకు చెక్కలోనే ఉండిపోతాయి, నూనెలోకి రావు. హార్మోన్ల పేరు చెప్పి నూనె అమ్మేవాళ్లు ఈ చిన్న విషయం చెప్పరు. ఆమె తెచ్చిన సీసాల్లో ఒకదాని వెనుక, భూతద్దం పెడితే గాని కనబడని అక్షరాల్లో, ఔషధంగా వాడటానికి కాదని రాసి ఉంది. మన దేశంలో ఇలాంటి సప్లిమెంట్లను ఆహార నియంత్రణ సంస్థ కిందే ఉంచారు, ఆ వాక్యం లేబుల్ మీద వేయాలన్నది నిబంధన.

మొదట చేసింది, పారనిది

నూనెలనూ గ్యాస్ మాత్రనూ ఒకేసారి మాన్పించడం సులువైన దారి. ఆలోచించి అలా చేయలేదు. రెండూ మానేశాక నెలసరి సర్దుకుంటే, ఇన్నాళ్లకు నూనె ఫలితం ఇచ్చిందని తోడికోడలు అంటారు. నూనె వల్లే పాడైందని భర్త అంటారు. గ్యాస్ మాత్ర మాత్రం ఎవరి అనుమానానికీ అందకుండా మళ్లీ ఇంట్లోకి వస్తుంది. ఏది ఏం చేసిందో ఆమెకు స్వయంగా కనబడాలి. ప్రమాదం ఎక్కువ ఉన్నదాన్ని ముందు తీయాలి. కాబట్టి నల్ల జీలకర్ర నూనె పరగడుపున వద్దని, మిగతా నూనె రాత్రి కాకుండా మధ్యాహ్నం భోజనంతో వేసుకోమని, డోంపెరిడోన్ లేని ఉత్త ప్యాంటాప్రజోల్ 40 మి.గ్రా. టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోమని రాశాను. ఆమ్లం తగ్గించే మాత్రను కూడా ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్లు ఆమ్లం మునుపటికంటే ఎక్కువగా ఊరుతుంది. ఆ మంటకు తట్టుకోలేక పాత క్యాప్సూల్ వెతుక్కుంటారు. అందుకే మానడం కాదు, మార్చడం.

ఎమ్మారై వాయిదా వేశాను. కారణమై ఉండగల మందు కళ్లెదుట ఉన్నప్పుడు, ఆపగలిగినదైతే కనీసం మూడు రోజులు ఆపి పరీక్ష మళ్లీ చేయమన్నది ఎండోక్రైన్ (హార్మోన్ల) వైద్యుల మార్గదర్శకం. చూపు తగ్గడమో తలనొప్పో ఉంటే ఆగేదాన్ని కాదు.

వారం దాటాక నిద్ర లేచిన రెండు మూడు గంటలకు, ల్యాబులో కాసేపు కూర్చున్నాక రక్తం ఇచ్చారు. ప్రొలాక్టిన్ 81.

ఈ కేసులో అసలైన మలుపు ఇదే. మందు ఆపినా తగ్గలేదు కాబట్టి మందు కారణం కాదు, ఎమ్మారై తీయాలి. తర్కం చూడటానికి బాగానే ఉంది. కానీ మందు నిజంగా ఆగిందా అన్నది ఇంకా తేలలేదు. ఎమ్మారై చీటీ రాసే ముందు, వేసుకుంటున్న షీటు తీసుకురమ్మన్నాను. ఈసారి కత్తిరించకుండా. తెచ్చారు. కంపెనీ వేరు, రంగు వేరు, పేరు చివర అవే మూడు అక్షరాలు. “మీ డాక్టరు రాసిందే అమ్మా, ఇది ఇంకా మంచిది, గ్యాస్ పైకి తన్నకుండా ఉంటుంది” అని షాపులో ఇచ్చారట. డోంపెరిడోన్ చీటీ మీదే అమ్మవలసిన మందు. చీటీలో ఒకటి ఉంటే ఇంకోటి ఇవ్వడం ఆ కౌంటర్ల దగ్గర ఎంత మామూలో చెప్పనక్కర్లేదు.

పనిచేసింది

నేను రాసిన ఉత్త ప్యాంటాప్రజోల్ షీటును ఆమె ఫోనులోనే ఫొటో తీయించాను. చీటీ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను: పేరు చివర డి, డీఎస్ఆర్, ఎల్, ఎల్ఎస్ఆర్ అని ఉంటే తీసుకోవద్దు. ఎల్ అక్షరం అక్కడ ఎక్కువగా లీవోసల్పిరైడ్‌కు గుర్తు. అది ప్రొలాక్టిన్‌ను డోంపెరిడోన్ కంటే కూడా ఎక్కువగా పెంచగలదు, అదీ గ్యాస్ మాత్రల్లో కలిసే వస్తుంది.

వారానికి మళ్లీ పరీక్ష. 17. నూనె అప్పటికీ రోజూ మధ్యాహ్నం వేసుకుంటూనే ఉన్నారు.

ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఆమెకే ఇచ్చాను. కాసేపు చూసి, “అయితే నూనె ఏమీ చేయలేదా మేడం, మంచీ చెడూ?” అన్నారు. ప్రొలాక్టిన్ విషయంలో అంతే అన్నాను. ఎమ్మారై అక్కర్లేకపోయింది. నెలసరి రప్పించే మాత్ర ఇవ్వకుండా ఆగాం. అయిదో వారంలో దానంతట అదే వచ్చింది, తర్వాతివి 31, 29 రోజులకు. పాల చుక్కలు పూర్తిగా ఆగడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఊరికే పిండి చూసుకోవద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది, అలా చూసుకోవడమే పాలను నిలబెడుతుంది.

నూనెలు మానే మాట ఆ తర్వాతే ఎత్తాను. అప్పుడు ఆమెకు అడ్డొచ్చింది ఆరోగ్యం కాదు, చుట్టరికం. “అక్క మాట కాదంటే ఇంట్లో ముఖం ఎలా చూపించను?” అన్నారు. కడుపు మంట తగ్గే దాకా డాక్టరు నూనె వద్దన్నారని చెప్పమన్నాను, చీటీ మీద అలాగే రాసిచ్చాను. ఎవరి సరుకునూ చెడ్డదనక్కర్లేదు, ఎవరి మాటా పడక్కర్లేదు. నూనె ఆగిన కొద్ది రోజులకే తేన్పులు పోయాయి. రాత్రి భోజనం తొమ్మిదికి జరిపారు, కుట్టు పని తర్వాత కాకుండా మధ్యలో. ప్యాంటాప్రజోల్ రోజు విడిచి రోజుకు తగ్గించి ఆపాం, అప్పుడప్పుడు వచ్చే మంటకు యాంటాసిడ్ సిరప్.

నా క్లినిక్కులో మారినవి

“మందులు” అన్న మాటతో ప్రశ్న అడగడం మానేశాను. పొద్దుటి నుంచి రాత్రి దాకా పూటల వారీగా అడుగుతాను, గ్యాస్ మాత్రను పేరు పెట్టి మరీ అడుగుతాను. నెలసరి తప్పడం, రొమ్ముల్లో పాలు, ప్రొలాక్టిన్ పెరగడం, ఈ మూడింటిలో ఏది ఉన్నా షీట్లు చూడనిదే స్కానింగ్ రాయను. ప్రతి వస్తువు పక్కన ఎప్పుడు మొదలైందో రాస్తాను. ఏది ముందు, ఏది వెనుక అన్నది తెలియకుండా ఏది కారణమో చెప్పలేం. మందు మార్చి పరీక్ష చేయిస్తే, ఫలితం చదివే ముందు మారిన షీటు చేతిలోకి తీసుకుంటాను.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పి తీరాలి. ప్రొలాక్టిన్ పెంచే మందుల్లో రిస్పెరిడోన్ వంటి మానసిక వైద్యానికి వాడేవి కూడా ఉన్నాయి. ఇది చదివి ఎవరూ వాటిని సొంతంగా ఆపకూడదు, ఆ నిర్ణయం రాసిన సైకియాట్రిస్టుదే. ప్రొలాక్టిన్ ఎక్కువై నెలల తరబడి నెలసరి ఆగిపోతే ఎముకలు బలహీనపడతాయి కాబట్టి ఊరుకోవడమూ తగదు. మందు నిజంగా ఆగాక కూడా తగ్గకపోతే ఎమ్మారై తీయవలసిందే.

ఇక ఆమె మొదట నూనె వాడటానికి కారణమైన రొమ్ము నొప్పి. అది పూర్తిగా పోలేదు, బహిష్టుకు ముందు నాలుగైదు రోజులు ఉంటోంది. పరీక్షలన్నీ మామూలుగా ఉన్నాయని, నెలసరితో వచ్చి నెలసరితో పోయే నొప్పి సాధారణంగా క్యాన్సర్ లక్షణం కాదని చెప్పాను. కొలత సరిపోయే బ్రా వేసుకోమని, నొప్పి ఎక్కువైన రోజున డైక్లోఫినాక్ జెల్ రాసుకోమని చెప్పాను. ప్రిమ్‌రోజ్ ఒక్కటే, తిండితో కలిపి, మూడు నెలలు చూస్తానంటే అభ్యంతరం లేదని, తేడా లేకపోతే ఆపేయాలని, మంట వస్తే షాపుకు కాకుండా నా దగ్గరకు రావాలని కూడా అన్నాను. సీసా ధర గుర్తు చేసుకుని, జెల్‌తోనే చూస్తానన్నారు.